నడిచి వెళ్ళిన దీపస్తంభం

సముద్రపు ఒడ్డుకు వెళ్ళి పిచ్చుకగూడు కట్టని పిల్లలుండరు. కాలిమీద తడి ఇసుక పోసి, అరచేత్తో తట్టి, మెల్లగా కాలు వెనక్కు లాగుతాం. గూడు నిలుస్తుంది. అదే గూడు కాస్త ఎగువన ఎండిన ఇసుకతో కట్టి చూడండి. కాలు తీయకముందే జారిపోతుంది. సరే, తడి ఇసుకతో కట్టిన గూడుకు మాత్రం ఆయుష్షు ఎంత? ఒక పెద్ద అల వచ్చేవరకే!

ఇప్పుడు ఒక ప్రశ్న. అలాంటి ఇసుకమీద, సముద్రపు ఒడ్డున, దాదాపు 200 అడుగుల ఎత్తయిన ఇటుక కట్టడం కట్టమంటే మీరు కడతారా? దాని బరువు దాదాపు 4,400 మెట్రిక్ టన్నులు. అంటే ఒక్కొక్కటి 5 టన్నులుండే ఏనుగులను సుమారు తొమ్మిది వందలను తెచ్చి ఒకేచోట నిలబెట్టినట్టు. ఏటేటా తుపానులు వచ్చే చోటు అది. కొట్టుకొనిపోని నేల కాదు.

1870లో అలాంటి కట్టడాన్ని కట్టారు. అది 129 ఏళ్ళు ఒకే చోట నిటారుగా నిలిచింది. ఆ తరవాత 1999లో, సముద్రం మరీ దగ్గరకు వచ్చినప్పుడు, ఒక్క ఇటుక ఊడకుండా లేచి వెనక్కు నడిచి వెళ్ళింది! ఒక్కతే వెళ్ళలేదు. దాన్ని కాపలా కాసినవారి ఇళ్ళను కూడా వెంటబెట్టుకొని వెళ్ళింది. అమెరికాలోని కేప్ హాటెరస్ దీపస్తంభం కథ ఇది.

అక్కడ దీపం ఎందుకు?

అట్లాసు తెరిచి అమెరికా తూర్పుతీరం చూడండి. నార్త్ కరోలినా రాష్ట్రం దగ్గర, ప్రధానభూమికి ఎడంగా, సముద్రంలో సన్నని దారంలా ఇసుకదీవుల వరస కనిపిస్తుంది. ఆ దారం మోచేయిలా వంగినచోటే కేప్ హాటెరస్. అక్కడినుంచి నీటి అడుగున ఇసుకమేటలు సముద్రంలోకి సుమారు 10, 12 మైళ్ళ దాకా, అంటే 16 నుంచి 19 కిలోమీటర్ల దాకా చొచ్చుకొని పోయాయి. వాటికి డైమండ్ షోల్స్ అని పేరు. పైనుంచి చూస్తే అంతా సముద్రమే. ఓడ అడుగుకు మాత్రం ఇసుక తగులుతుంది.

మరి ఓడలు ఆ చోటుకు ఎందుకు వస్తాయి? దూరంగా పోవచ్చుగదా అంటారేమో. అక్కడే ఉంది చిక్కు. ఆ తీరానికి దూరంగా గల్ఫ్ స్ట్రీం అనే ఉష్ణప్రవాహం ఉత్తరదిక్కుగా వడిగా పారుతుంది. తెరచాపల కాలంలో దక్షిణానికి వెళ్ళే ఓడ ఆ ప్రవాహానికి ఎదురీదలేక, దానికీ తీరానికీ మధ్యనున్న సందులోనుంచి పోవలసి వచ్చేది. ఆ సందులోనే ఇసుకమేటలు పొంచి ఉండేవి. పైగా ఉత్తరంనుంచి వచ్చే చల్లని నీరూ, దక్షిణపు వెచ్చని నీరూ కలిసేచోట పొగమంచూ గాలివానలూ సహజం. వందలకొద్దీ ఓడలు అక్కడ మునిగాయి. నావికులు ఆ సముద్రభాగాన్ని 'అట్లాంటిక్ శ్మశానం' అని పిలిచేవారు. ఇనుప యుద్ధనౌకలలో మొదటి తరానికి చెందిన ప్రసిద్ధమైన 'మానిటర్' కూడా 1862 డిసెంబరు 31న ఈ కేప్‌కు ఆవలనే గాలివానలో మునిగింది.

ఎంత ఎత్తు కావాలి?

ఇక్కడ మొదటి దీపస్తంభాన్ని 1803లో ఇసుకరాతితో కట్టారు. ఎత్తు 90 అడుగులు, అంటే సుమారు 27 మీటర్లు. తిమింగలం నూనెతో దీపాలు వెలిగించేవారు. కాని ఆ వెలుగు తమకు ఆనడంలేదని నావికులు ఏళ్ళ తరబడి మొరపెట్టుకొన్నారు. ఎందుకు ఆనలేదు? కారణాలు రెండు. ఒకటి, దీపం బలహీనమైనది. రెండు, స్తంభం పొట్టిది.

స్తంభం పొట్టిదైతే నష్టమేమిటి? భూమి గుండ్రంగా ఉంది కాబట్టి కొంతదూరం పోయాక నీటి వంపు దీపాన్ని కప్పేస్తుంది. దీపం ఎంతదూరం కనిపిస్తుందో లెక్కకట్టడానికి సులువైన సూత్రముంది. ఎత్తును మీటర్లలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే, నీటిమట్టాన ఉన్న కంటికి దీపం కనిపించే దూరం కిలోమీటర్లలో వస్తుంది. 27 వర్గమూలం దాదాపు 5.2. కనక మొదటి స్తంభం దీపం సుమారు 18.5 కిలోమీటర్లు కనిపిస్తుంది. ఓడపై నిలిచినవాని కన్ను నీటికి 5 మీటర్ల ఎత్తున ఉందనుకొంటే, దానివల్ల మరో 8 కిలోమీటర్లు కలుస్తాయి. మొత్తం 26.5. ఇసుకమేట 19 కిలోమీటర్లదాకా ఉందిగదా! అంటే ప్రమాదం ఎదురవడానికి ఏడెనిమిది కిలోమీటర్ల ముందుగా మాత్రమే దీపం కనబడాలి. అదీ గాలి నిర్మలంగా ఉండి, దీపం బాగా వెలిగితే.

కొత్త స్తంభం ఎత్తు దాదాపు 60 మీటర్లు. ఇదే లెక్క వేయండి. 27.7 కిలోమీటర్లు, దానికి ఓడవారి 8 కలిపితే దాదాపు 36. ప్రమాదానికి ముందు ఇప్పుడు 16, 17 కిలోమీటర్ల ఎడం దొరికింది. ఓడను మళ్ళించుకోవడానికి చాలినంత వ్యవధి అది. ఇంకో సంగతి గమనించారా? ఎత్తు రెండింతలు దాటినా దూరం ఒకటిన్నర రెట్లే పెరిగింది. దూరం రెట్టింపు కావాలంటే ఎత్తు నాలుగు రెట్లు కావాలి. అందుకే స్తంభం కట్టేవారు ప్రతి అడుగుకూ అంత విలువ ఇస్తారు. మన విశాఖపట్నంలో డాల్ఫిన్స్ నోస్ కొండమీద దీపం పెట్టినవారికి ఆ ఎత్తును కొండే ఇచ్చింది. హాటెరస్‌లో కొండ లేదు. ఉన్నదల్లా ఇసుక. అందుచేత ఎత్తంతా మనిషే కట్టుకోవాలి.

పాత స్తంభంపైనే 1853లో ఇటుకతో కట్టి దాన్ని 150 అడుగులకు పెంచారు. కాని అది కూడా ఎక్కువకాలం పనికిరాదని తేలడంతో 1868లో కొత్తదాని పని మొదలుపెట్టారు.

నీళ్ళలో కలపమీద

పని నడిపించినవాడు డెక్స్టర్ స్టెట్సన్. పొడుగాటి కొయ్య దుంగలను ఇసుకలోకి దిగగొట్టి వాటిమీద కట్టాలని మొదటి ఆలోచన. తీరా గొయ్యి తవ్వి చూస్తే కొన్ని అడుగుల లోతున ఇసుక ఎంత గట్టిగా దట్టించుకొని ఉందంటే, దుంగలు దిగనే లేదు. నాలుగు పక్కలనుంచీ కదలకుండా బిగించి ఉంచిన ఇసుక బరువును చక్కగా మోస్తుంది. పిచ్చుకగూడు సంగతి గుర్తుంది కదా! ఇసుక జారిపోయేది దాన్ని అడ్డుకొనేది లేనప్పుడే.

దుంగలు దిగకపోతే ఏం చేయాలి? స్టెట్సన్ ఒక ఉపాయం చేశాడు. గోతిచుట్టూ అడ్డుకట్ట కట్టి నీటిని తోడించాడు. అడుగున పసుపు దేవదారు దూలాలను పక్కపక్కనే పరిచాడు. వాటిమీద అడ్డంగా రెండో వరస పరిచాడు. ఆ చాపమీద పెద్దపెద్ద గ్రానైటు రాళ్ళు, వాటిమీద స్తంభం పీఠం. తరవాత నీళ్ళు తోడడం ఆపేశాడు. ఊటనీరు పైకి వచ్చి దూలాలను ముంచేసింది.

"నీళ్ళలో కొయ్య పుచ్చిపోదా, మాస్టారూ?" అని మీరు అడుగుతారని తెలుసు. పొలంలో పాతిన కంచెగుంజను చూడండి. ఎక్కడ ముందుగా పుచ్చుతుంది? నేలమట్టం దగ్గర. పైభాగానికి గాలి ఉంది, తేమ తక్కువ. అడుగుభాగానికి తేమ ఉంది, గాలి తక్కువ. నేలమట్టం దగ్గర రెండూ ఉన్నాయి. కొయ్యను తినే బూజులకు తేమతోపాటు ఆక్సిజన్ కావాలి. ఎప్పుడూ మంచినీటిలో మునిగి, గాలి తగలకుండా ఉండే కొయ్యను అవి ముట్టలేవు. కనక ఆ దూలాలకు నీరు శత్రువు కాదు, కాపలాదారు.

ఆ కాపలా ఎన్నాళ్ళు ఉంటుంది? ఊటనీరు మంచినీరుగా ఉన్నన్నాళ్ళు, దూలాలు నీటిలో మునిగి ఉన్నన్నాళ్ళు. ఇసుకదీవుల్లో వాననీరు నేలలోకి ఇంకి, బరువైన ఉప్పునీటిమీద తేలుతూ ఉంటుంది. సముద్రం దగ్గరకు వచ్చేకొద్దీ ఆ మంచినీటి పొర పలుచబడుతుంది. ఈ మాట మనసులో ఉంచుకోండి. మళ్ళీ దీనితో పని పడుతుంది.

రెండు గోడల గోపురం

ఈ పునాదిమీద సుమారు 12,50,000 ఇటుకలతో స్తంభం లేచింది. బయటనుంచి చూస్తే అది కింద లావుగా, పైకి పోనుపోను సన్నగా ఉంటుంది. ఇలా ఉండడం అందంకోసమే కాదు. బరువులో ఎక్కువభాగం కిందనే ఉండడంవల్ల గరిమనాభి నేలకు దగ్గరగా ఉంటుంది. దానివల్ల స్తంభం సులువుగా ఒరగదు. గుండ్రని ఆకారంవల్ల గాలికి ఏ వైపునా చదునైన గోడ దొరకదు. గాలి చుట్టూ జారిపోతుంది.

లోపల ఇంకో తెలివి ఉంది. గోడ ఒకటి కాదు, రెండు. బయటిది శంకువు ఆకారం, లోపలిది స్తూపాకారం. రెంటికీ మధ్య చక్రపు ఆకుల్లాగా ఇటుక అడ్డగోడలు వాటిని కలుపుతున్నాయి. మధ్యన ఖాళీ ఉండడంవల్ల బరువు తగ్గింది, బలం తగ్గలేదు. వెదురుబొంగు లోపల బోలుగా ఉన్నా విరగకుండా గాలికి నిలవడం మీకు తెలిసిందే. లోపలి స్తూపంలో పోత ఇనుముతో చేసిన మెలికల మెట్లు, సుమారు 250.

1870 డిసెంబరులో కొత్త దీపం వెలిగింది. మరుసటి ఏడు పాత స్తంభాన్ని పేల్చివేశారు. 1873లో కొత్త స్తంభానికి నలుపు తెలుపు చారలను మెలితిప్పినట్టు చుట్టూ పూశారు. రంగులెందుకు? రాత్రి దీపంతో పని. పగలు? ఆ తీరంలో ఇలాంటి స్తంభాలు ఇంకా ఉన్నాయి. కేప్ లుకౌట్‌కు శకరపారా గళ్ళు, బోడీ ఐలండ్‌కు అడ్డపట్టీలు, కరిటక్‌కు రంగే లేని ఎర్ర ఇటుక. నావికుడు చారలు చూసి తానెక్కడున్నాడో చెప్పుకోగలడు. కట్టడమే తన పేరును ఒంటిమీద రాసుకొందన్నమాట.

గాజు గూడు

స్తంభం శిఖరాన ఉన్నది ఒక నూనెదీపం. దాని వెలుగు 30 కిలోమీటర్లు ఎలా పోయింది?

దీపం వెలుగు అన్నివైపులకూ పోతుంది. ఆకాశానికి పోయింది దండగ, నేలకు పోయింది దండగ. ఓడలకు కావలసింది నీటికి సమాంతరంగా పోయే వెలుగు. దీపాన్ని కుంభాకార కటకం నాభివద్ద ఉంచితే కిరణాలు సమాంతరంగా వెలువడతాయని మీరు చదువుకొన్నారు. కాని మనిషికి రెట్టింపు ఎత్తుండే కటకాన్ని ఒకే గాజుముద్దగా పోస్తే ఎంత బరువు! అంత మందపు గాజులో ఎంత వెలుగు ఇంకిపోతుంది!

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫ్రెనెల్ ఇక్కడ ఒక చిన్న సంగతిని పట్టుకొన్నాడు. కాంతి వంగేది గాజు ఉపరితలం దగ్గరే. మధ్యనున్న గాజులో అది తిన్నగానే పోతుంది. కనక మధ్య గాజు తీసేసి, వంపుండే అంచులనే వలయాలుగా పేర్చితే సరి. పైకీ కిందికీ పోయే కిరణాలను పట్టకాలతో సంపూర్ణాంతర పరావర్తనం చేయించి, దారి మళ్ళించవచ్చు. అలాంటి మొదటి కటకాన్ని 1823లో ఫ్రాన్సులోని కోర్డువాన్ దీపస్తంభంలో పెట్టారు. హాటెరస్‌లో పెట్టినది అందులో అతి పెద్ద తరగతిది. సుమారు 12 అడుగుల ఎత్తు, వెయ్యికి పైగా గాజు పట్టకాలు. దానిలోపల మనిషి నిలబడవచ్చు.

ఈ గాజు గూడు గుండ్రంగా తిరుగుతుంది. తిప్పేది గోడగడియారం లాంటి యంత్రం. స్తంభం మధ్యన బరువు మెల్లగా కిందికి దిగుతూ పళ్ళచక్రాలను తిప్పుతుంది. ఒక్కొక్క గాజుపలక నావికునికి ఎదురుగా వచ్చినప్పుడు ఒక మెరుపు. పలకలు 24 ఉండి, ఒక చుట్టుకు 4 నిమిషాలు పడితే ఎన్ని సెకనులకొక మెరుపు? లెక్క మీరే వేయండి. మెరుపుకూ మెరుపుకూ మధ్య కాలమే రాత్రిపూట ఆ స్తంభం పేరు.

కావలివారి ఇళ్ళు

ఇంతవరకూ చెప్పిందంతా రాయి, ఇటుక, గాజు. ఇవేవీ తమంతట తాము వెలగవు. చీకటి పడేసరికి దీపం వెలిగించాలి. నూనె డబ్బాలను ఆ మెట్లన్నీ ఎక్కి మోసుకుపోవాలి. వత్తి మసి కత్తిరించాలి. దిగిన బరువును మళ్ళీ పైకి చుట్టాలి. తెల్లవారాక గాజు తుడవాలి. బట్టల గుండీలు గీరుకొని గాజుకు గీతలు పడకుండా నారబట్ట కట్టుకొనేవారు. పగలు దీపపు గది చుట్టూ తెరలు దించేవారు. ఎందుకో చెప్పగలరా? భూతద్దంతో కాగితం కాల్చిన పిల్లలకు జవాబు తెలుసు. ఆ గాజుమీద ఎండ పడితే అది వెనక్కు వచ్చి దీపంమీదే కేంద్రీకరిస్తుంది!

ఈ పనికి ఒక ముఖ్య కావలివాడు, ఇద్దరు సహాయకులు ఉండేవారు. రాత్రి వంతులు వేసుకొనేవారు. వంతు ముగిసినవాడు వెంటనే పడుకోవాలి, వంతు వచ్చినవాడు వెంటనే ఎక్కాలి. కనక వారి ఇళ్ళు స్తంభం పక్కనే ఉండాలి. ఇంట్లో కిటికీనుంచి చూస్తే దీపం వెలుగుతున్నదీ లేనిదీ తెలియాలి. ఈ ఇళ్ళు కూడా ఆ యంత్రంలో భాగాలే అని నేనంటాను.

1854లో కట్టిన రెండు వాటాల కొయ్య మేడలో సహాయకుల కుటుంబాలు ఉండేవి. 1871లో ముఖ్య కావలివానికి చిన్న ఇటుక ఇల్లు కట్టారు. స్తంభానికి తెచ్చినవాటిలో మిగిలిన సామానే దానికి వాడుకొన్నారు. కప్పుమీద పడ్డ వాననీరు తొట్లలోకి చేరేది. దీపపు నూనె మొదట జంతువుల కొవ్వునుంచి తీసింది. తరవాత కిరోసిన్ వచ్చింది. కిరోసిన్ సులువుగా అంటుకొంటుంది కాబట్టి దానికి 1892లో విడిగా ఇటుక గది కట్టారు. మేడ, ఇల్లు, తొట్లు, నూనెగది, స్తంభం అన్నీ కలిపితేనే దీపకేంద్రం. ఆ పెరట్లో పిల్లలు పుట్టారు, పెరిగారు, ఆడుకొన్నారు. తుపాను రాత్రుల్లో తండ్రి పైన ఉంటే ఇంటివారు కింద మేలుకొని ఉండేవారు.

1934లో విద్యుద్దీపం వచ్చింది. నూనె మోయవలసిన పని పోయింది. చివరి ముఖ్య కావలివాడు యునాకా జెన్నెట్. విద్యుత్తు వచ్చాక అతని కాలం ఎంతో సాగలేదు. దానికి కారణం విద్యుత్తు ఒక్కటే కాదు. సముద్రం!

సముద్రం నడిచి వచ్చింది

1870లో స్తంభానికీ అలలకూ మధ్య 1,500 అడుగుల ఇసుక ఉండేది. 1919 నాటికి 300 అడుగులు మిగిలింది. 1935 నాటికి సుమారు 100. 1936లో స్తంభాన్ని వదిలేసి, లోపలి అడవిలో ఇనుపకమ్మీల గోపురంపై దీపం పెట్టారు. కాపలా లేని స్తంభంలో ఆ గొప్ప గాజు గూడును ఆకతాయిలు పగలగొట్టి, పట్టకాలను పట్టుకుపోయారు. ఇప్పుడు మిగిలిన భాగాలు ప్రదర్శనశాలలో ఉన్నాయి. ఇసుకదిబ్బలు కట్టి గడ్డి నాటడంతో ఒడ్డు కొంత కోలుకొంది. 1950లో దీపం తిరిగి స్తంభానికి వచ్చింది. కాని కోత మళ్ళీ మొదలైంది. 1980లు వచ్చేసరికి మిగిలింది 120 అడుగులు, అంటే 37 మీటర్లు.

ఇలా ఎందుకు జరుగుతుంది? ఇసుకదీవి కదలని నేల కాదు. తుపానులో అలలు సముద్రంవైపు ఇసుకను కోసి, దీవిమీదుగా వెనకవైపు పోస్తాయి. ముందు తరుగుతుంది, వెనక పెరుగుతుంది. దీవి మొత్తంగా మెల్లగా వెనక్కు జరుగుతుంది. సముద్రమట్టం పెరగడం దీన్ని ఇంకా తొందరపెడుతుంది. మన కాకినాడ దగ్గర ఉప్పాడవారికి ఒడ్డు కోత అంటే ఏమిటో చెప్పనక్కరలేదు.

ఇప్పుడు దూలాల సంగతి గుర్తు చేసుకోండి. అల స్తంభాన్ని కొట్టి పడగొట్టనక్కరలేదు. చుట్టూ బిగించి ఉన్న ఇసుకను లాగేసినా చాలు. మంచినీటికి బదులు ఉప్పునీరు చేరి, దూలాలు బయటపడినా చాలు.

కట్టాలా, కదపాలా?

ఇసుక బస్తాలు వేశారు. ఇసుక తోడి పోశారు. ఒడ్డునుంచి సముద్రంలోకి అడ్డుకట్టలు కట్టారు. అడ్డుకట్ట ఒక పక్క ఇసుకను ఆపితే, రెండో పక్క ఆ ఇసుక చేరక ఒడ్డు ఇంకా కోసుకుపోతుంది. చుట్టూ పెద్ద గోడ కడదామన్నారు కొందరు. అప్పుడు దీవి వెనక్కు జరిగిపోయి, స్తంభం ఒక్కటే నీటిమధ్య మిగులుతుందన్నారు ఇంకొందరు. 1988లో శాస్త్రజ్ఞుల సంఘం ఒకటి స్తంభాన్ని వెనక్కు జరపడమే మేలని చెప్పింది. ఊరివారిలో చాలామందికి గుండె ఆగినంత పనయింది. నూరేళ్ళు దాటిన ఇటుక కట్టడం కదిపితే కూలిపోదా? తాతలు కాపలా కాసిన చోటునుంచి తీస్తే అది ఇంకా అదే స్తంభమా? వాదనలు పదేళ్ళకు పైగా సాగాయి. రెండువైపులవారూ దాన్ని ప్రేమించినవారే. చివరకు కదపడానికే నిర్ణయమైంది.

2,900 అడుగుల ప్రయాణం

మన ఊళ్ళలో రోడ్డు ఎత్తు పెరిగి ఇల్లు పల్లమైతే, జాకీలు పెట్టి ఇల్లు ఎత్తించడం ఇప్పుడు వింత కాదు. ఇక్కడా అదే సూత్రం, కొలతే వేరు.

ముందుగా కావలివారి ఇళ్ళూ, నూనెగదీ, తొట్లూ తరలించారు. తరవాత స్తంభం కింది రాళ్ళను కొంచెం కొంచెంగా కోసి తీస్తూ, ఆ చోట ఉక్కు దూలాలను చేర్చారు. దూలాలకింద 100 హైడ్రాలిక్ జాకీలు. ఒక్కొక్క దానిమీద సగటున 44 టన్నులు. నూరింటిలో ఒకటి ఎక్కువ లేచినా స్తంభం ఒరుగుతుంది. మరి వాటిని సమంగా ఎలా లేపాలి?

ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేలమీద కూడా కుదుటుగా నిలుస్తుంది. నాలుగు కాళ్ళ బల్ల ఊగుతుంది. ఎందుకంటే ఏ మూడు బిందువులైనా ఒక తలంలో ఉంటాయి. నాలుగోది ఉండాలని లేదు. ఇంజనీర్లు 100 జాకీలనూ మూడు గుంపులు చేశారు. ఒక గుంపులోని జాకీలన్నిటికీ నూనెగొట్టాలు కలిపి ఉన్నాయి. మూసిన ద్రవంలో పీడనం అన్నివైపులకూ సమంగా పోతుందని పాస్కల్ నియమం చెబుతుంది గదా! కనక గుంపులోని జాకీలన్నీ బరువును తమలో తాము సర్దుకొంటాయి. బయటికి మూడే కాళ్ళు. స్తంభం ముక్కాలిపీటమీద కూర్చొన్నట్టే! ఒరుగు కొలిచే పరికరాలు పైనుంచి కిందిదాకా అమర్చారు.

స్తంభాన్ని 6 అడుగులు పైకి లేపారు. ముందర రాతిపొడితో దట్టించిన బాట, దానిమీద ఉక్కు పట్టాలు. వెనకనుంచి నెట్టే జాకీలు ఒక్క నెట్టుకు 5 అడుగులు కదిపేవి. తరవాత జాకీలను ముడిచి, ముందుకు తెచ్చి బిగించి, మళ్ళీ నెట్టేవారు. 2,900 అడుగులకు 580 నెట్లు. 1999 జూన్ 17న బయలుదేరి జూలై 9న చేరింది. మొత్తం 23 రోజులు. వేల జనం వచ్చి ఎండలో నిలబడి చూశారు. కంటికి కదలిక ఆనేది కాదు. కాసేపు చూపు తిప్పుకొని మళ్ళీ చూస్తేనే జరిగినట్టు తెలిసేది. నవంబరు 13న కొత్త చోట దీపం వెలిగింది. ఇప్పుడు పునాది ఉక్కు కాంక్రీటు. అలలకు మళ్ళీ 1870 నాటి దూరమే.

ఇళ్ళను ఎలా పెట్టారో చూడండి. పాతచోట ఏ ఇల్లు స్తంభానికి ఏ దిక్కున, ఎంత ఎడంగా, ఎటు మొగం పెట్టి ఉండేదో, కొత్తచోట సరిగ్గా అలాగే పెట్టారు. కావలివారు లేరు, వంతులు లేవు, కిటికీలోంచి దీపాన్ని చూడవలసిన పని ఎవరికీ లేదు. అయినా ఆ ఎడం, ఆ దిక్కు మారనివ్వలేదు. స్తంభం ఎందుకు అక్కడుందో, ఇల్లు ఎందుకు ఇటు చూస్తోందో ఒకదాన్ని చూస్తేనే రెండోది అర్థమవుతుంది కాబట్టి.

పునాదిలోంచి తీసిన గ్రానైటు రాళ్ళు మిగిలాయి. వాటిపై అక్కడ పనిచేసిన 83 మంది కావలివారి పేర్లు చెక్కి, స్తంభం పాతచోట గుండ్రంగా పేర్చారు. కాని ఆ చోటు సముద్రానిది! ఇసుక కమ్మింది, అలలు తాకాయి. 2015లో ఆ రాళ్ళను కూడా తీసి స్తంభం దగ్గరకు చేర్చారు. ఇప్పుడు చూడవచ్చిన పిల్లలు వాటిమీద కూర్చొని ఈ కథ వింటారు.

చేసి చూడండి

1. రెండు డబ్బాలు తీసుకోండి. ఒకదానిలో ఇసుక నింపి బాగా తట్టి దట్టించండి. రెండోదాని పక్కగోడకు రంధ్రం చేసి, దాన్ని వేలితో మూసి, అలాగే ఇసుక నింపి దట్టించండి. రెంటిమీదా ఇటుక నిలబెట్టండి. ఇప్పుడు రంధ్రం తెరిచి ఇసుకను పుల్లతో కొంచెం కొంచెంగా లాగండి. ఏ ఇటుక ఒరిగింది? ఎందుకు?

2. రెండు సిరంజిలను (సూది లేకుండా) నీటితో నింపిన గొట్టంతో కలపండి. ఒకటి నొక్కితే రెండోది ఏం చేస్తుంది? ఒకటి సన్ననిది, ఒకటి లావుదైతే ఏ వేలికి శ్రమ ఎక్కువ?

3. మీ బడి మేడ ఎత్తు కొలవండి. మేడమీద పెట్టిన దీపం సముద్రంమీద ఎంతదూరం కనిపిస్తుందో లెక్కకట్టండి.

ఈసారి సముద్రపు ఒడ్డుకు పోయినప్పుడు పిచ్చుకగూడు కట్టండి. అల వచ్చేముందు దాన్ని చెక్కుచెదరకుండా ఒక మూర వెనక్కు జరపడానికి ఉపాయమేదైనా ఉందా? ఆలోచించి, మీ సైన్సు మాస్టారికి చెప్పండి.